చూడనిమట్టి ప్రార్థనాలయం

ఎర్రదిన్నె గ్రామానికి ఉత్తరంగా, వంక దాటి పావు మైలు నడిస్తే, మిట్ట మీద మట్టిగోడల ప్రార్థనాలయం ఒకటి కనబడుతుంది. చుట్టుపక్కల పల్లెలవారు దీనిని చూడనిమట్టి గుడి అంటారు. దూరం నుంచి వచ్చిన యాత్రికులు మొదటి చూపులో కొంచెం నిరాశపడటం మాకు అలవాటే. ఎత్తైన శిఖరం లేదు, రంగుటద్దాలు లేవు, గంటకు బదులు వేలాడదీసిన ఇనుప కమ్మీ. ఉన్నవి నాలుగు గోడలే. అయితే వాటి మందం చూడండి! వాకిట్లో నిలబడి చెయ్యి బారచాపినా లోపలి అంచు అందదు. ఏటికేడు లావెక్కేది షావుకార్లూ మన గుడి గోడలే అని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. సిమెంటు పూయిస్తామని వచ్చిన దాతలకు దండం పెట్టి, మజ్జిగ ఇచ్చి, సాగనంపాము. ఎందుకు సాగనంపామో ఈ చిన్న పుస్తకం చదివితే తెలుస్తుంది.

ముందుగా ఈ నేల సంగతి చెప్పాలి. తొలకరి చినుకులకు ఇక్కడి ఎర్రమట్టి కడుక్కుపోయి, అప్పుడప్పుడు వజ్రాలు బయటపడతాయి. ఆ మాట విని ఎక్కడెక్కడి జనమో సద్ది కట్టుకొని వస్తారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా వంచిన తల ఎత్తరు. సొంత మేనమామ ఎదురొచ్చినా పలకరించరు. నూటికి తొంభైతొమ్మిది మందికి దక్కేది నడుంనొప్పి ఒక్కటే. అయినా మరుసటి ఏడు మళ్ళీ వస్తారు. వారిని ఎగతాళి చేయడానికి మాకు నోరు రాదు. మా తాతలూ ఆ పని చేసినవారే.

పూర్వం ఈ మిట్ట మీద తుమ్మచెట్లు తప్ప మరేమీ లేని కాలంలో, ఎర్రదిన్నెలో పన్నెండు ఇళ్ళవారు ప్రభువును నమ్ముకొని బాప్తిస్మం పొందారు. వారికి ఉపదేశి బర్నబాసు. చదువు కొద్దిగా, ఓపిక ఎక్కువగా ఉన్న మనిషి. ఆరాధనకు వారికి నీడ లేదు. ఎండాకాలం తుమ్మ కింద కూర్చుంటే ముళ్ళు, వానాకాలం కూర్చుంటే బురద. చివరికి ఎవరికీ చెందని ఈ మిట్ట మీద ఒక గుడి కట్టుకోవాలని పన్నెండు ఇళ్ళవారూ ఒక మాట మీదికి వచ్చారు. మట్టిని వంక ఒడ్డున తవ్వుకున్నారు. అది కూడా ఎవరి సొత్తూ కాదు.

గోడలు పెట్టే పని తబితమ్మ తలకెత్తుకుంది. మట్టిగోడ పెట్టడంలో ఆమెకు ఆమే సాటి. ఎర్రదిన్నెలో ఉన్న మిద్దెల్లో సగం ఆమె కాళ్ళతో తొక్కిన మట్టే, ఆమె చేత్తో చరిచిన గోడలే. ఆమెకు మాత్రం సొంత మిద్దె లేదు. ఆమె, ఆమె భర్త ఏసేపు, పరాయివారి దొడ్డి అంచున బోదగడ్డి కప్పిన కొట్టంలో ఉండేవారు. వానపడితే లోపల చట్టీలు పెట్టి రాత్రంతా మేలుకొనేవారు. ఊరందరికీ గోడలు పెట్టి, తన నెత్తి మీదికి ఒక మిద్దె నోచుకోలేదన్న దిగులు తబితమ్మను లోలోపల తినేసేది. ప్రార్థనలో ఆమె ఇరవై ఏళ్ళుగా అడిగింది అదొక్కటే.

ఆ ఎండాకాలమంతా పన్నెండు ఇళ్ళవారూ మట్టి తొక్కారు. ఇంటికి రోజుకు నాలుగు కడవల నీళ్ళు, పాట పాడుతూ తొక్కుడు, రోజుకు మూరెడు ఎత్తు గోడ. ఇంటింటికీ గోడలో ఒక వంతు. తొలకరికి ముందే కప్పు పడింది. మొదటి ఆదివారం గోడల మధ్య కూర్చొని స్తోత్రగీతం పాడుతుంటే, తమ గొంతులే తమకు కొత్తగా వినబడి అందరూ కంటతడి పెట్టుకున్నారట.

ఆ వారంలోనే తొలకరి కురిసింది. మరునాడు పొద్దున్నే గోడ ఎక్కడ కరిగిందో చూసి పూత వేద్దామని తబితమ్మ వచ్చింది. పడమటి గోడలో, నడుమెత్తున, శనగగింజంత రాయి ఒకటి మెరుస్తోంది. గోటితో గీకి తీసింది. ఈ నేల మీద పుట్టిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఆమె ఒక పొరపాటు చేసింది. రాయిని కొంగున ముడివేసుకొని తిన్నగా సంతకు నడిచి, నాగలింగం షావుకారు ముందు విప్పింది. వజ్రాలు కొనడంలో ఆయన తలపండినవాడు. రాయిని వెలుతురుకు పట్టి చూసి, “యాడ దొరికిందిమ్మా?” అన్నాడు. వజ్రం దొరికిన చోటు కన్నకొడుక్కు కూడా చెప్పకూడదని ఈ సీమలో పసిపిల్లలకు తెలుసు. తబితమ్మకు అబద్ధం నోట పలకలేదు. “మా గుడి గోడలో, సామీ” అనేసింది.

షావుకారు ఇంకేమీ అడగలేదు. బండి కట్టించుకొని ఆమె వెంటే వచ్చాడు. నాలుగు గోడలనూ చుట్టి వచ్చి, పన్నెండు ఇళ్ళవారినీ పిలిపించి, ఉన్నమాట సూటిగా చెప్పాడు. ఈ గోడల మట్టంతా వజ్రాల ఒడ్డుది. దీనిని పడగొట్టి మట్టి తనకు ఇచ్చేస్తే, ఇంటికొక మిద్దె కట్టిస్తాడు, ఇంటికి రెండెకరాల చేను రాయిస్తాడు. దేవుడికి రాతిగుడి కూడా తన ఖర్చుతోనే. సోమవారం బండ్లతో వస్తానని, అందాకా ఆ రాయి తబితమ్మ దగ్గరే ఉండనిమ్మని చెప్పి వెళ్ళాడు. మోసం ఏమీ లేదు. షావుకారు మాట తప్పే మనిషి కాడని అందరికీ తెలుసు.

“దేవుడే పంపినాడు” అన్నారు జనం. ఎందుకనరు? గుడి పోవడం లేదు, మట్టిగుడి పోయి రాతిగుడి వస్తోంది. బర్నబాసు ఉపదేశి కూడా రాతిగుడి మాట విని మురిసిపోయాడు. ఇక తబితమ్మ ఆనందం చెప్పతరం కాదు. కొట్టం పక్కన పుల్లతో నేల మీద గీతలు గీసి, వాకిలి ఇటు, పొయ్యి అటు అని ఏసేపును చెయ్యిపట్టి తిప్పి చూపించింది. “ఇరవై ఏండ్లు అడిగితిని, ఇచ్చినాడు సూడు!” అంది. ఏసేపు తల ఊపి, “ఇచ్చినాడులే” అన్నాడు.

ఆ వారం పల్లెలో జరిగింది చెప్పుకోవడానికి మాకు ఇప్పటికీ సిగ్గే. ఏ వంతు గోడ ఏ ఇంటిదో తాళ్ళు పట్టి కొలవడం మొదలైంది. తమ వంతులో దొరికింది తమదేనని కొందరు, అందరిదీనని కొందరు. గిద్యోను, ఆమోసు అని అన్నదమ్ములు ఉండేవారు, ఒక కంచంలో తిని పెరిగినవారు. మూలగోడ ఎవరి వంతన్న దగ్గర మాట పెరిగి, అన్న కొట్టిన దెబ్బకు తమ్ముడి పన్ను ఊడింది. ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చి గోడకు నీళ్ళు చల్లి గోళ్ళతో గీకేవారు. రోజూ సాయంకాలం కలిసి పాడుకునే పాట ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ గమనించనేలేదు.

ఆదివారం వచ్చింది. ఆ గోడల మధ్య అదే ఆఖరి ఆరాధన అనుకున్నారు. కన్నులు మూసుకొమ్మని చెప్పి బర్నబాసు ప్రార్థన మొదలుపెట్టాడు. తబితమ్మ మిద్దె కోసం కృతజ్ఞత చెప్పుకోబోయింది. కిటికీ పక్క గోడలో ఏదో తళుక్కుమన్నట్టు తోచి, కళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. అటు చూసింది. తరువాత చుట్టూ చూసింది.

అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. చేతులు జోడించి, తలలు వంచి, ఓరచూపుతో గోడలనే గాలిస్తున్నారు. గిద్యోను మూలగోడ మీద, ఆమోసు గిద్యోను మీద. పసిబిడ్డకు పాలిచ్చే తల్లి కూడా గోడనే చూస్తోంది. బర్నబాసు పెదవులు ప్రభువును పిలుస్తున్నాయి. ఆయన చూపు మాత్రం వాకిలి పైన మట్టిలో గుచ్చుకొని ఉంది. గోడలు పడగొట్టడానికి బండ్లు రేపు వస్తాయి, గుడి మాత్రం అప్పటికే పడిపోయిందని తబితమ్మకు అర్థమైంది. దానిని పడగొట్టినది తన కొంగుముడిలోని రాయే.

ఆమె లేచి నిలబడింది. “ఆపు చిన్నాయనా” అంది ఉపదేశితో. ప్రార్థన మధ్యలో ఆడమనిషి అలా అనడం ఆ పల్లెలో ఎన్నడూ లేదు. “నువ్వు యాడ చూస్తాండావో నాకు తెలుసు. నేనూ ఆడనే చూస్తాండా. ఈడ దేవుణ్ణి చూసేవాళ్ళు ఒక్కరన్నా ఉండారా?”

గిద్యోను, “రాతిగుడి కట్టిస్తానన్నాడు గదమ్మా. ఆడ కండ్లు మూసుకుందాంలే” అన్నాడు.

“ఈడ మూసుకోని కండ్లు ఆడ మూసుకుంటాయా నాయనా? ఆడ కూచోని మన మిద్దెనెవరు దోచుకుంటాండారో అని చూస్తాం.”

అని, ఆమె బయటికి నడిచింది. గోడ పక్కన పూతకు కలిపిన మట్టి గుంతలో ఇంకా తడిగానే ఉంది. అందరూ వెనకే వచ్చి నిలబడ్డారు. తబితమ్మ కొంగుముడి విప్పి రాయిని అరచేతిలో పెట్టుకొని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తరువాత దానిని గుంతలో వేసి, మట్టినంతా కాళ్ళతో తొక్కింది, చేతులతో పిసికింది. గట్టిగా కళ్ళు మూసుకొని, ముద్ద తరువాత ముద్ద తీసి గోడ పొడుగునా చరుచుకుంటూ పోయింది. గుంత ఖాళీ అయ్యాక కళ్ళు తెరిచింది. నలభై ముద్దలు, అన్నీ ఒక్కటే తీరు.

“ఇప్పుడు నాకూ తెలీదు” అంది. అని భోరున ఏడ్చింది. ఆమె భక్తితో ఏడ్చిందని కొందరు మర్యాదకు చెబుతారు. అది నిజం కాదు. మిద్దె పోయినందుకే ఏడ్చింది. మా పెద్దలు ఈ మాట దాచలేదు, మేమూ దాచము.

ముందుగా కదిలినవాడు ఏసేపు. నేల మీద గీతల మధ్య ఆమె వెంట తిరిగిన మనిషి, పక్కన మిగిలిన మట్టిని గుంతలోకి తోసి, కడవ తెచ్చి నీళ్ళు పోశాడు. కళ్ళు మూసుకొని దోసెడు మట్టి తీసి, వాకిలి పైన, ఉపదేశి చూపు నిలిచిన చోటే చరిచాడు. తరువాత బర్నబాసు వచ్చాడు. “నా కండ్లూ తెరిచే ఉండె, నన్ను క్షమించండి” అని అందరి ముందూ ఒప్పుకొని, మట్టి తీసుకున్నాడు. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు. కొలిచి పెట్టుకున్న గుర్తుల మీదుగానే పూత పడింది. అన్నదమ్ములిద్దరూ చివరికి మిగిలారు. మూలగోడ మీద అన్న మట్టి పూస్తుంటే, తమ్ముడు వచ్చి దాని మీదే ఇంకో దోసెడు పూశాడు. ఆ పూట మళ్ళీ పాట లేచింది.

సోమవారం షావుకారు తొమ్మిది బండ్లతో వచ్చాడు. “ఆ రాయేదమ్మా?” అన్నాడు.

“గోడలో ఉండాది సామీ.”

“ఏ గోడలో?”

“చూడలేదు సామీ.”

ధర పెంచుతున్నారనుకొని ఆయన ఇంటికి జత ఎద్దులు కలిపాడు. ఇంకొకరిని అడిగాడు. చూడలేదు. పన్నెండు ఇళ్ళవారినీ అడిగాడు. చూడలేదు, చూడలేదు. ఎవరి మొహంలోనూ బేరం కనబడలేదు. మధ్యాహ్నం దాకా బండి నీడన కూర్చొని, వారు పెట్టిన సంగటి తిని, ఖాళీ బండ్లు తోలుకొని పోయాడు. తరువాతి కాలంలో ఆయన కూడా విశ్వాసి అయ్యాడని కొందరంటారు. అందుకు ఆధారం లేదు గనుక మేము రాయడం లేదు.

గోడను దొంగచాటుగా తవ్వడానికి వచ్చినవారు తరువాత లేకపోలేదు. ఎక్కడ తవ్వాలో తెలియక, ఏడాదికేడాది మందమయ్యే మట్టిని చూసి వారే విసిగిపోయారు. వారు చేసిన కంతలు పూడ్చడమే మాకు మిగిలిన పని.

నేటికీ తొలకరి తరువాత వచ్చే మొదటి ఆదివారం ఇక్కడ మట్టిపండుగ జరుగుతుంది. వంక ఒడ్డున తవ్విన మట్టిని జల్లించకుండా, ఏరకుండా తెచ్చి తొక్కుతారు. యాత్రికులు కళ్ళు మూసుకొని దోసెడు మట్టి తీసి, తమకు జరిగిన ఒక మేలును తలుచుకొని గోడకు పూస్తారు. పక్కన నిలబడిన సంఘపెద్ద, “ఏమైనా చూశావా?” అని అడుగుతాడు. “చూడలేదు, స్తోత్రం” అని జవాబు చెప్పాలి. వజ్రాల వేటకు వచ్చినవారు కూడా ఆ రోజుకు తల ఎత్తి మిట్ట ఎక్కుతారు. తగవుపడిన తోబుట్టువులు మూలగోడ దగ్గర ఒకరి పూత మీద ఒకరు పూసి కలిసి ఇంటికి పోతారు. ఇది మేము ఏటా కళ్ళారా చూస్తున్న మేలు. ఇక్కడ మట్టి పూస్తే సంపద కలుగుతుందని మాత్రం దయచేసి ఎవరూ ప్రచారం చేయవద్దు. మాకు తెలిసి ఒక్కరికీ కలగలేదు. పండుగనాడు అందరికీ సంగటి భోజనం ఉంటుంది. తినకుండా వెళ్ళవద్దని మనవి.

తబితమ్మ డెబ్బై ఏళ్ళు దాటి బతికింది. ఆఖరిదాకా ఆ కొట్టంలోనే ఉంది. ముసలితనంలో ఆమెను ఒక ప్రయాణికుడు అడిగాడట, ఆ రాయి వదులుకున్నందుకు ఎప్పుడైనా బాధ కలిగిందా అని. ఆమె చెప్పిన జవాబును పండుగనాడు సంఘంలో అందరికన్నా పెద్ద వయసు ఆడమనిషి లేచి వినిపిస్తుంది. దానితోనే ఆరాధన ముగుస్తుంది:

“కలగకేం నాయనా? కొట్టం కురిసినప్పుడల్లా కలుగుతాది. కానీ ప్రార్థనకు కూచుంటే నా కండ్లు మూసుకుంటాండాయి. అంతకన్నా ఏం గావాల?”