హెస్టర్ అవ్వ అడిగిన కాగితం

"అయ్యగారూ, ఈ పుస్తకం ఇక్కడుంటే ఈ బడిలో నేనుండను" అన్నాడు సైలస్.

అమెరికా దక్షిణాదిన బానిసత్వం రద్దయిన మొదటి ఏడాది అది. విడుదలైనవాళ్ల కోసం ఎజ్రా పంతులుగారు ఒక చర్చిలో బడి నడుపుతున్నారు. సైలస్ ఆయన దగ్గరే చదువు నేర్చుకుని, ఆయన పక్కనే నిలబడి పాఠాలు చెబుతున్న శిష్యుడు. పుస్తకమేమో ఆ రాష్ట్రపు పాత చట్టాల సంపుటం. బానిసకు అక్షరం నేర్పినా నేరమే, బానిస నేర్చుకున్నా నేరమే అని అందులో ఉంది. ఆ ఒక్క మాట చూపించే సైలస్ తండ్రిని వీపు చీలిపోయేలా కొట్టారు. అలాంటి దాన్ని పొయ్యిలో పెట్టకుండా బైబిలు పక్కన పెట్టుకోవడమేమిటని అతని బాధ. ప్రశ్న ఎంత వేడిగా ఉంటే పంతులుగారు అంత నిదానిస్తారు, అదొక అలవాటు ఆయనకు. "మధ్యాహ్నం దాకా ఆగు నాయనా" అన్నారు. సైలస్‌కు ఒళ్లు మండింది. అయినా ఆగాడు.

మధ్యాహ్నం హెస్టర్ అవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఊళ్లోవాళ్ల బట్టలుతికి బతుకుతోంది. ఐదు నెలలుగా అక్షరాలతో కుస్తీ పడుతోంది. ఆ రోజు మొదటిసారి ఆవిడ చేతికి పుస్తకం ఇవ్వాలి. ఏం చదువుతావని పంతులుగారు అడిగారు. అందరూ బైబిలే అడుగుతారు.

"నన్ను చదవొద్దన్న కాగితం ఉందటగా, అదివ్వండి" అంది అవ్వ.

ఆయన ఆ పేజీ తీసి ముందు పెట్టారు. సబ్బునీళ్లకు ముడతలు పడిన వేలు అక్షరాల కింద ఆనించి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. 'కొరడా' దగ్గర ఆగింది. సైలస్ అందించబోతే చేత్తో వారించి, తనే పలికింది. ముప్పై తొమ్మిది దెబ్బలన్నదీ పలికింది. చివరికి వచ్చాక, వెనక ఇంకేమైనా ఉందేమోనని పేజీ తిప్పి చూసింది.

"ఇంతేనా? ఆరు వరుసలు. దీనికా బాబూ, జన్మంతా వణికి చచ్చాం?"

తండ్రిని కొట్టించిన మాటల్ని ఆ ముసలిది గొంతెత్తి, తప్పు పోకుండా చదివేసరికి సైలస్‌కు ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. అవ్వ మాత్రం, రేపు పక్క పేజీ చదువుతానని చెప్పి, ఉతకాల్సిన మూట ఉందంటూ వెళ్లిపోయింది.

సైలస్ మళ్లీ కాల్చే మాట ఎత్తలేదు. "ఆ చట్టం పోయింది కదండీ, ఇంకా ఇందులో ఆవిడ నేర్చుకునేదేముంది?" అని మాత్రం అడిగాడు.

"రాజధానిలో పాత దొరలు మనల్ని మళ్లీ కట్టిపడేసే కొత్త చట్టాలు రాస్తున్నారట నాయనా" అన్నారు పంతులుగారు. "ఆవిడకు చదవడం వచ్చేసిందని వాళ్లకింకా తెలియదు."