పోలమ్మ పట్టిన కొస

సముద్రం ఎప్పుడు పుట్టిందో చెప్పగలిగినవాళ్లు ఈ కథ ఎప్పుడు జరిగిందో కూడా చెప్పగలరు. నాకైతే తెలియదు. అనగనగా ఒక జాలరిపల్లె. అందులో ఎండుచేపలమ్ముకునే పోలమ్మ అనే ఆమె ఉండేది.

ఒక ఉప్పెనలో పరుగెత్తుతూ పోలమ్మ కూతురి చెయ్యి వదిలేసింది. పిల్ల మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస, మళ్లీ ఉప్పెనొస్తే చీకట్లోనైనా ఊరంతా దిబ్బ చేరాలని. ఇంకో ఇద్దరు ముసలమ్మలను వెంటేసుకుని, వేటకు వెళ్లని అమావాస్య రోజు పొద్దున్నే ఊరందరినీ పోగేసేది. ఎవరి దగ్గరా గుప్పెడు గింజలు కూడా పుచ్చుకునేది కాదు. అందరి కళ్లకూ గంతలు కట్టి, పొడవాటి మోకు చేతికిచ్చి, తాను ముందు కొస పట్టుకుని ఇసకదిబ్బ ఎక్కించేది.

"సెయ్యి ఒగ్గీకండి," అనేది. మూడడుగులకోసారి అదే మాట, వదలొద్దని.

"ఒగ్గితే ఏటవుద్దప్పా?" అని పడవ గల దానయ్య వేళాకోళమాడేవాడు. పోలమ్మ మోకును ఇంకాస్త గట్టిగా లాగేది. జనం నవ్వుకుంటూనే నడిచేవారు. ఆమె నోటికి జడిసి నడిచారనుకోండి.

పోలమ్మ పోయింది. మొదటి అమావాస్యకు సగం ఊరు వచ్చింది. రెండో అమావాస్యకు ఆ ముసలమ్మలిద్దరే వచ్చారు. మూడో అమావాస్యకు మోకే లేదు. మంచి తాడు మూలన పడి ఉండటమెందుకని దానయ్య దాన్ని తన పడవకు కట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఉప్పెన వచ్చి పట్టపగలు చీకటి కమ్మింది. గాలి పడవను మోకుతో సహా సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. దానయ్య కళ్లారా చూశాడు. చంకలో ఐదేళ్ల కూతురు. వెనక ఊరంతా కేకలు. దిబ్బ ఎటుందో తెలియలేదు. చేజేతులా అందరినీ ముంచానని అనుకున్నాడు.

అప్పుడు నీళ్లలో చేతికి తాడు తగిలింది. ముందునుంచి ఎవరో బిగించి పట్టుకున్నారు.

"మోకు దొరికింది, పట్టుకోండర్రా," అని అరిచాడు. అందరూ పట్టుకున్నారు. నీళ్లు మోకాళ్లకొచ్చాయి, తాడు లాగింది. నడుముకొచ్చాయి, తాడు లాగింది. గొంతుకొచ్చాయి, దానయ్య పట్టు జారింది. ఒక చల్లటి చెయ్యి అతని వేళ్లను తాడుకు అదిమి పట్టింది. ఉప్పు పట్టి గరుకుగా ఉంది ఆ చెయ్యి.

దిబ్బ మీద, తెరిపిచ్చాక చూసుకున్నారు. అందరూ ఉన్నారు. ఎవరి చేతిలోనూ తాడు లేదు. అరచేతుల్లో మాత్రం తాడు ఒరిపిడికి లేచిన ఎర్రటి చారలున్నాయి.

"నీ ముందు ఎవులున్నార్రా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"సూడనేదు," అన్నాడు దానయ్య, కూతుర్ని వదలకుండా. "సూడ్డానికి బయమేసింది."

ఇప్పటికీ ఆ పల్లెవాళ్లు అమావాస్యకు గంతలు కట్టుకుని, మోకు పట్టుకుని దిబ్బ ఎక్కుతారు. ముందు కొస ఎవరూ పట్టుకోరు. అయినా అది నేలమీద పడదు, బిగిసే ఉంటుంది. పైకి చేరాక అందరికన్నా వెనకున్న మనిషి గట్టిగా చెప్పాలి, "ఎవులూ ఒగ్గనేదప్పా" అని.

ఆ మాట విన్నాకే కొస మెల్లగా ఇసకమీదికి వాలుతుంది.