లాంచీ ఆయుష్షు

సత్తిరాజు గారి లాంచీల కంపెనీ ఆ ఏడు నష్టంలో తేలింది. దాన్ని లాభంలోకి ఎలా తేవాలన్నది దినకర్‌కి వచ్చిపడిన చిక్కు.

అమలాపురంలో యేసుపాదం గారని ఒక పెద్దాయన ఉండేవారు. మార్చి ముగిశాక చిన్న చిన్న కంపెనీలకి ఏడాది లెక్కలు కట్టిపెట్టడం ఆయన పని. దినకర్ ఆయన దగ్గర కొన్నేళ్లుగా ఆ విద్య నేర్చుకుంటున్నాడు. కూడికలు, తీసివేతలు ఎవరైనా చేస్తారు, ఆఖర్న చేసే సర్దుబాట్లలోనే పనితనమంతా ఉందని అతని నమ్మకం. ఇంకా ఇవ్వని జీతాలు, ముందుగానే కట్టేసిన బీమా, వాడకంలో అరిగిపోయిన సామాన్ల విలువ, ఇవన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాదిలో పడేలా సర్దాలి. అందులో తన చెయ్యి తిరిగిందని లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

సత్తిరాజు గారు స్వయంగా వచ్చారు.

"నష్టం చూపిస్తే బ్యాంకు వాళ్లు అప్పు తిరగరాయరు. నన్ను నమ్ముకున్న వాళ్లంతా రోడ్డున పడతారు. కాస్త చూడు బాబూ" అని బతిమాలి వెళ్లారు.

దినకర్ బాగా ఆలోచించాడు. కంపెనీకున్న పెద్ద లాంచీ కొని ఆరేళ్లయింది. మొత్తం పన్నెండేళ్లు పనిచేస్తుందని లెక్కేసి, దాని ప్రకారం ఏటా ఇంత విలువ తరిగిందని రాస్తూ వస్తున్నారు. ఆ పన్నెండుని దినకర్ ఇరవై చేశాడు. ఏటా తరిగేది తగ్గింది. నష్టం పోయి చిన్న లాభం తేలింది.

పట్టుకెళ్లి గురువు ముందు పెట్టాడు.

"ఇందులో తప్పేం లేదండి. ఒక వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందన్నది ఎప్పుడూ అంచనాయే. అంచనా మార్చుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఎందుకు మార్చామో కింద ఒక ముక్క రాశాను కూడా."

యేసుపాదం గారు ఆ ముక్క పైకి చదివారు. "లాంచీ స్థితిని పరిశీలించిన మీదట, అది మరో పద్నాలుగేళ్లు పనిచేయగలదని నిర్ణయించడమైనది."

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"పద, రేవుకి వెళ్లొద్దాం."

రేవులో ఎండ మండిపోతోంది. అవతలి లంకకి వెళ్లే జనం లాంచీ ఎక్కుతున్నారు. బియ్యం మూటలు, ఒక సైకిలు, చంటిపిల్లాడితో ఒక బాలింత. లాంచీ నడిపే సరంగు నూకరాజు అడుగున చేరిన నీళ్లు బకెట్టుతో తోడి గోదాట్లోకి పోస్తున్నాడు. గురువుగారిని చూసి దండం పెట్టాడు.

"నూకరాజూ, మావాడు నీ లాంచీ సంగతి రాశాడు. చెబుతాడు, విను" అన్నారాయన. అని, లాంచీ ఎక్కి జనంలో ఒక బల్ల మీద కూచున్నారు.

నూకరాజు బకెట్టు కింద పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని దినకర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చెప్పండి బాబూ. రోజూ మా ఇంటిది ఒకటే గోలండి, ఈ లాంచీ వదిలేసి ఒడ్డున ఏదోటి చూసుకోమని. మీలాంటి చదువుకున్నోళ్లు చూసి రాశారంటే దానికీ ధైర్యం చెప్పుకుంటానండి. ఇంకెన్నాళ్లు ఆడుద్దన్నారండి?"

ఆ గొంతులో వెటకారం లేదు. దినకర్ ఎంత చెబితే అంత నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

దినకర్ నోరు తెరిచాడు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు. నూకరాజు వెనక బాలింత పిల్లాణ్ణి ఒళ్లో సర్దుకుంటోంది. ఆమె కాళ్ల దగ్గర చెక్కలు తడిగా ఉన్నాయి.

"నేను చూళ్లేదు నూకరాజూ" అన్నాడు చివరికి.

"మరి రాశారన్నారండి?"

దినకర్ గురువు వైపు చూశాడు. ఆయన గోదారి వైపు చూస్తున్నారు.

"రాశాను. చూళ్లేదు."

చొక్కా చేతులు పైకి మడుచుకుని లాంచీ అడుక్కి దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. వచ్చేసరికి మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. పుచ్చిన చెక్క ముక్కొకటి చేతిలో ఉంది. గోటితో గీరితే ఊడి వచ్చిందది. నూకరాజు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, జనం దగ్గరికెళ్లి అందర్నీ దిగమన్నాడు. వాళ్లు తిట్టుకుంటూ దిగి నాటుపడవలెక్కి వెళ్లారు.

మర్నాడు పడవలు కట్టే మేస్త్రిని పిలిపించి చూపించారు. బాగుచేసినా రెండేళ్లకి మించి ఆడదన్నాడు. మిగిలిన విలువంతా ఆ రెండేళ్లలోనే తరిగేలా దినకర్ లెక్క మళ్లీ కట్టాడు. తేలిన లాభం పోవడమే కాదు, మొదటున్న నష్టం ఇంకా పెరిగింది. యేసుపాదం గారు చూసి సంతకం పెట్టారు.

సత్తిరాజు గారు ఆఫీసు గుమ్మంలో నిలబడి అరిచి వెళ్లిపోయారు. బ్యాంకు అప్పు తిరగరాయలేదు. లాంచీని ఒడ్డుకి లాగి బోర్లించారు. దాన్ని బాగుచేయించడానికి ఆయన ఒక స్థలం అమ్మకానికి పెట్టారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు దినకర్ పనిమీద పోతూ దారిలో నూకరాజుని చూశాడు. రొయ్యల చెరువు గట్టున మేత బస్తా మోస్తున్నాడు. చెయ్యెత్తి పలకరించాడు.

దినకర్ ఆఫీసుకొచ్చి గురువు ఎదురుగా కూచున్నాడు.

"నేనా అంకె మార్చకపోతే అతని పని పోయేది కాదండి. కంపెనీకి ఇంత నష్టమూ వచ్చేది కాదు."

యేసుపాదం గారు చేతిలో కలం పక్కన పెట్టారు.

"నష్టం నీకంటే ముందే వచ్చి నిలబడి ఉంది బాబూ. నువ్వు దానికి లెక్కల్లో కూర్చోమని చోటిచ్చావు. అంతే."