దణ్ణాల దారి

“ఇంద్రియాలను జయించినవాడికి మూత్రం ఆగకపోవడమేమిటి స్వామీ?” అని అడిగాడు విరూపాక్షం.

అడిగింది మా గురువుగారిని, సాయంత్రం పారాయణ అయ్యాక ఆయన కాళ్ళు చాపుకుని కూర్చున్న వేళ. ప్రశ్న ఎవరి గురించో ఆశ్రమంలో అందరికీ తెలుసు. యజ్ఞేశ్వర శాస్త్రి గారు మా అందరికన్నా ముందునుంచీ అక్కడ వేదాంతం చెబుతున్న పెద్దాయన. కోపం ఎరగరు, రుచి అడగరు, ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. అలాంటి మనిషి ఈ మధ్య పాఠం మధ్యలో లేచి పెరటివైపు బయల్దేరి, చేరేలోపే పంచె తడుపుకుంటున్నారు. పట్నం డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మోకాళ్ళ నొప్పులు తప్ప జబ్బేమీ లేదని తేల్చేశాడు.

“జబ్బు లేదంటే నిగ్రహం సడలినట్టేగా? పాఠం మాన్పించి వెనక గదిలో ఉంచితే ఆయనకీ మర్యాద, మనకీ మర్యాద,” అన్నాడు విరూపాక్షం. చెడ్డవాడేం కాదు. మర్యాదంటే ప్రాణం పెడతాడు, అంతే. వచ్చిన చిక్కల్లా అలాంటివాళ్ళతోనే.

ఇంతలో శాస్త్రి గారు తనకు తానే శిక్ష వేసుకున్నారు. నీళ్ళు తాగడం మానేశారు. మండువేసవి. శ్లోకం మధ్యలో గొంతు ఎండి మాట ఆగిపోతున్నా చెంబు ముట్టుకోరు. “నలుగురిలో ఈ నగుబాటెందుకు? తమ్ముడి కూతురింటికి పోతాను,” అని మూట కూడా కట్టుకున్నారు. పాఠం లేకపోతే ఆయన ఎన్నాళ్ళో బతకరు. ఆ సంగతి గురువుగారికి తెలుసు.

విరూపాక్షాన్ని పిలిచి, “రేపు శాస్త్రి గారు లేచినప్పుడు వెనకాలే నడువు. మాట్లాడకు, చెయ్యి అందివ్వకు. చూసి రా,” అన్నారు.

మర్నాడు శాస్త్రి గారు గోడ పట్టుకుని లేచారు. ఆయన లేవగానే సభంతా లేచింది. ముందు వరసలోని గుంటూరు దంపతులు కాళ్ళమీద పడ్డారు. దీవించారు. కొత్తకోడలి చేత కూడా దణ్ణం పెట్టించాలి కదా! ఆ అమ్మాయి ఎక్కడో వెనక ఉంది. పిలిచారు, వచ్చింది, పెట్టింది. స్తంభం దగ్గర ఇంకొకాయన కూతురి పెళ్ళి కుదిరిందని చెప్పి, అక్షింతలు శాస్త్రి గారి చేతిలో పోసి వంగాడు. శాస్త్రి గారి మొహం బిగుసుకుపోయింది. అయినా ఒక్కరినీ కసరలేదు. పెరటి గుమ్మం చేతికందే దూరంలో ఉందనగా ఆగారు. ఆగి, విరూపాక్షం వైపు తిరిగి నిలబడ్డారు.

ఎందుకాగారో అతనికి వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. రోజూ ఆ గుమ్మం దగ్గర ప్రవర చెప్పి దణ్ణం పెట్టేది తనే. చెవులు పట్టుకుని, ఋషుల పేర్లు, గోత్రం, సూత్రం, చివర తన పేరు, ఒక్క అక్షరం మింగకుండా సాగదీసి చెబుతాడు. అది పూర్తయ్యేదాకా పెద్దలు కదలరు, దీవించకుండా పోరు. శాస్త్రి గారు ఆ దణ్ణం కోసం ఆగారు.

“కానివ్వు నాయనా, కాస్త త్వరగా,” అన్నారు మెల్లగా. ఆ మాట అంటూండగానే నేల తడిసింది.

విరూపాక్షం తన ఉత్తరీయంతో ఆ తడి తుడిచాడు. శాస్త్రి గారు వద్దు వద్దంటున్నా వినలేదు. ఏడుస్తూనే తుడిచాడు.

ఆ సాయంత్రం గురువుగారు శాస్త్రి గారి పీటను పెరటి గుమ్మం పక్కకి జరిపించారు. బిగుసుకుపోయే గడియ పీకించి, తలుపు బదులు తెర కట్టించారు. దారి పొడుగునా పట్టుకోడానికి ఒక వెదురు వేయించారు. పాఠానికి ముందోసారి, మధ్యలో ఓసారి, అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళి రమ్మన్నారు. నీళ్ళు మానేస్తే తానూ మానేస్తానన్నారు. విప్పడానికి ఆలస్యమయ్యే గోచీ మాని అడ్డపంచె కట్టుకోమంటే మాత్రం శాస్త్రి గారు ససేమిరా అన్నారు. గోచీ లేకుండా పాఠమా! సరే, అది ఆయన ఇష్టం అని వదిలేశారు. సభకు చెప్పింది ఒక్కటే: ఆయన లేచినప్పుడు ఎవరూ లేవకూడదు.

మర్నాడు శాస్త్రి గారు లేచారు. సభ కదల్లేదు. పాపం, కదలకుండా కూర్చోవడం వాళ్ళకెంత కష్టమైందో! గుంటూరాయన చేతులు రెండూ తొడల కింద అదిమి పెట్టుకున్నాడు. శాస్త్రి గారు వెళ్ళారు, వచ్చారు. పొడి పంచెతో పీట మీద కూర్చుని, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగి, ఆపిన వాక్యం దగ్గరే అందుకున్నారు. మూట ఆ పూటే విప్పేశారు.

పాఠం అయ్యాక గురువుగారు కూడా లేచి పెరటివైపు నడిచారు. విరూపాక్షం ఉండబట్టలేక పరుగున వచ్చి, గుమ్మానికి అడ్డంగా సాష్టాంగపడ్డాడు.

“నా కళ్ళు తెరిపించారు స్వామీ! నిగ్రహం ఎవరికి లేదో నాకిప్పుడు...”

గురువుగారు వెదురు పట్టుకుని నిలబడ్డారు.

“లే నాయనా, ముందు దారియ్యి. నాకూ డెబ్బై దాటాయి.”