పొట్లపందిరి పాట

కోటకు వడ్లు దంచే ఆడవాళ్లు పాడుకునే పాటలు బూతులని ధర్మాధికారి సోమావధాని తేల్చాడు. ఒక్కసారి వింటే చాలు, ఎంతటివాడి మనసైనా చెడిపోతుందని, పాటలు నిషేధించి, వాటిని ముందుగా పాడి అందించే అసిరమ్మను ఊరి నుంచి వెళ్లగొట్టాలని రాజుగారికి ఫిర్యాదు చేశాడు.

సభలో అసిరమ్మ, "ఒక రోట్లో మూడు రోకళ్లు పడతాయి మారాజా. పాట లేకపోతే ఒకదాన్నొకటి గుద్దుకుని వేళ్లు నలుగుతాయి" అంది.

"స్తోత్రాలు చదువుకుంటూ దంచండి" అన్నాడు అవధాని.

"అసలు ఏ పాట చెడ్డదో బాబుగారు చెప్పలేదు. సగం పాడతాను, అదో కాదో చెప్పమనండి."

రాజు సరేనన్నాడు. ఆమె గొంతెత్తింది.

"పక్కింటి బావయ్య పందిరెక్కాడే..."

అక్కడ ఆగింది. ఆమె వెంట వచ్చిన, వంత పాడాల్సిన ఆడవాళ్లు నోరు మెదపలేదు. సభంతా ఎదురుచూస్తోంది. అవధాని తల ఊగింది.

"పొట్లకాయల కోసం కాదమ్మ కాదే!" అన్నాడు, రాగం తప్పకుండా.

సభ గొల్లుమంది.

"రుజువు కోసం నెల రోజులు గోడ పక్కన కూర్చుని విన్నాను ప్రభూ!" అని కంగారుపడ్డాడు.

"మరి మీ మనసు చెడిందా బాబూ?" అంది అసిరమ్మ. "చెడితే మంచిచెడ్డలు చెప్పడానికి మీరు పనికిరారు. చెడకపోతే పాటలో తప్పు లేదు. ఏదో ఒకటి తేల్చండి, అవతల వడ్లు ఎండలో ఉన్నాయి."

చెడలేదని అవధాని గొణిగాడు. రాజు ఫిర్యాదు కొట్టేసి, "తర్వాతి చరణం ఏమిటి?" అని అడిగాడు. అసిరమ్మను కాదు, అవధానిని.