రోలెక్కిన బీమా

కాలవగట్టు మీద చెంచురామయ్య అప్పడాల కార్ఖానా ఉండేది. ఆ ఇంటిల్లిపాదికీ అప్పడాలకన్నా తమ తెలివంటేనే గొప్ప.

"అప్పడం ఎవడైనా చేస్తాడు. గుండ్రంగా ఆలోచించడం మనకే చేతనవును," అనేవాడు చెంచురామయ్య.

"అవునండీ, మీ ఆలోచనకి మొదలూ తుదీ లేదు," అనేది భార్య తిరుపాలమ్మ. తమ్ముడు గురవయ్య తలూపేవాడు. అంతకుమించిన పాండిత్యం ఆ ఇంట్లో అవసరం రాలేదు.

ఒకనాడు బీమా ఆఫీసరు దిగాడు. చట్టాన్ని ఇంగ్లీషులో రాసి తెలుగులో బెదిరించడం మన పాత ఆనవాయితీ. ఆయనా దాన్ని తప్పలేదు.

"పనివాళ్ళు పదిమంది దాటారు. వాళ్ళకి ఆరోగ్య బీమా తప్పదు. అందర్నీ రోల్ మీదికి ఎక్కించాలి. ఒక్కరు మిగలకుండా కవర్ చెయ్యాలి. గురువారం వస్తాను. ఈలోగా కాలేదో, కార్ఖానా మూయిస్తాను!"

అది తాతనాటి కార్ఖానా. అది పోతే ఈ ఇంటి తెలివిని కొనేవాడు ఊళ్ళో లేడు.

ఆఫీసరు మనసులో ఉన్నది హాజరుపట్టీ. వీళ్ళ మనసులో ఉన్నది పిండి రోలు.

"ఉన్నది ఒక్కటే రోలు కదన్నయ్యా! ఇంతమందా?" అన్నాడు గురవయ్య.

"చట్టం ఎప్పుడూ ఇరుకేరా. సర్దుకోవాలి."

ఇంకేముంది! తిరుపాలమ్మ ప్లాస్టిక్ కవర్లు తెచ్చి అందరికీ పాదాల నుంచి మోకాళ్ళదాకా తొడిగింది. ఇద్దరు రోలు అంచునెక్కారు, వాళ్ళ భుజాల మీద ఇంకొందరు, అందరికన్నా పైన వీరమాణిక్యం. అప్పడాలు ఒత్తడంలో ఘటికురాలు.

"అయ్యగారూ, ఇది ఆరోగ్యానికేనా?" అంది పైనుంచి.

"మాట్లాడకే, బీమా కదులుతుంది!"

కదలనే కదిలింది. కవర్లు జారాయి. అంతే, అందరూ పిండిలో పడ్డారు. వీరమాణిక్యం మాత్రం నేల మీద పడి కాలు బెణికించుకుంది.

ఆమెని ఆటోలో వేసుకుని చెంచురామయ్య బీమా ఆసుపత్రికి పరిగెత్తాడు. గుమాస్తా బీమా చందాల పుస్తకంలోంచి తలెత్తకుండానే, "కట్టారా?" అన్నాడు.

"లేదండీ, కాలు ఇంకా అలాగే ఉంది. మీరు కడతారని తెచ్చాం."

"మేం కట్టడమేమిటి? మీరు కట్టాలి. మీదీ ఆమెదీ కలిపి కట్టాలి."

"నాది బాగానే ఉందండీ!"

"బాగున్నప్పుడే కట్టాలయ్యా! బీమా అంటేనే అది."

ఎంత లోతైన మాట! చెంచురామయ్య అక్కడికక్కడే కండువా తీసి, తన ఎడంకాలూ ఆమె కుడికాలూ కలిపి బిగించాడు. ఇద్దరూ మూడు కాళ్ళతో ఇల్లు చేరారు.

"నాతో ఏడడుగులు నడిచిన కాలేనా అది?" అంది తిరుపాలమ్మ నడుం మీద చెయ్యి వేసి.

"రూలే, తిరుపాలూ! అందరిదీ కట్టాలి. అదీ బాగున్నప్పుడే."

"మరి నొప్పో, అయ్యగారూ?" అని మూలిగింది వీరమాణిక్యం.

"కట్టాం కదే! ఇంకా నొప్పేమిటి?"

అంతే, గురవయ్య నులకతాడు తెచ్చి పనివాళ్ళందర్నీ వరసగా అన్నగారి కాలికి కట్టేశాడు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. చెంచురామయ్య నమస్కారానికి ముందడుగు వేస్తే వరసంతా తూలింది. ఆఫీసరు హాజరుపట్టీ కోసం చుట్టూ వెతికాడు.

"కాగితం మీద ఒక్క పేరైనా ఎక్కించావా?"

"కాగితం ఆగుతుందా అండీ ఇంతమందికి? రోలే ఆగలేదు!"

"చాలు! అందరూ బయటికి నడవండి. తాళం వేస్తాను."

చెంచురామయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మూయిస్తానన్న మనిషి తాళం వేస్తానంటున్నాడంటే మనసు కరిగినట్టే కదా!

"విన్నార్రా? ఎంత దొడ్డమనిషో! ఆయన తాళం వేస్తే మనం పాడకుండా ఉంటామా?"

అంతా ముడిపడ్డ కాళ్ళతోనే గెంతుకుంటూ గట్టెక్కి రామభజన అందుకున్నారు. ఆఫీసరు తలుపులు మూసి, గొళ్ళెం పెట్టి, టక్కుమని బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

పల్లవి సగంలోనే చెంచురామయ్య పాట ఆపి పెదవి విరిచాడు.

"ఒక్క దెబ్బతో సరి! ఉద్యోగం పెద్దదే గానీ, మనిషికి తాళజ్ఞానం లేదు."