తెల్లరాళ్ల శాసనం

ఒకానొక రాజ్యంలో రాళ్లకు పేర్లు పెట్టే పిచ్చి పట్టిన రాజు ఒకడుండేవాడు. పేరు చండవిక్రముడు. తనకు తెలియనిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదన్నవాళ్లు ఆ రాజ్యంలో ఎక్కువకాలం నిలిచేవారు కాదు.

ఒకనాడు ఆయనకు రత్నశాస్త్రం మీద కోపం వచ్చింది. "తెల్లరాళ్లకు ఇన్ని పేర్లెందుకు? చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా!" అని శాసనం చేశాడు. తెల్లగా మెరిసే రాయైనా, పలుకైనా సరే, ఇకమీదట 'ధవళం'. ఎర్రనిది 'అరుణం'. పచ్చనిది 'హరితం'. పాత పేరు పలికినవాడి నాలుక కోస్తారు.

ఖజానాలో రత్నాలకు కాపున్న కొమ్మయ్యకు ఇది మింగుడుపడలేదు. వజ్రాలకు ఒక సంచి, స్ఫటికాలకు ఒక సంచి, మెత్తని రాళ్లకు దూది పరిచిన పెట్టె. అది తాతలనాటి పద్ధతి. కానీ నాలుక మీద ఎవరికి ఆశ ఉండదు? తెల్లవన్నీ ఒకే తోలుసంచిలో పోసేశాడు.

ఆ సంచిని ఏనుగు మీద పెట్టించి ఊరేగడం రాజుగారికి మహా సరదా. అలా కొన్నాళ్లు ఊరేగాక తనకు ప్రాణమైన పెద్ద తెల్లరాయిని సభలో పైకి తీయించాడు. అద్దంలా ఉండే రాయి! ఒళ్లంతా గీతలు పడి, అంచులు అరిగి, మసకబారి ఉంది.

"రాయిని మార్చేశావురా, దొంగా!" అని రాజు అరిచాడు. "పొద్దు వాలేలోగా వీడి తల తీయండి!"

"ఏలినవారూ, ఆ రాయి..." అని కొమ్మయ్య నోరు తెరిచాడు. అప్పటికే అతని చేతులు కట్టేసిన భటుడు పక్కనే కత్తి సవరించుకున్నాడు. జరిగింది చెప్పాలంటే పాత పేర్లు పలకాలి. పలికితే నాలుక పోతుంది, పలక్కపోతే తల పోతుంది. పాపం, నోరు మూసుకున్నాడు.

ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టు ఇదంతా చూస్తున్నాడు. నవ్వించడం ఆయన పని.

అరిచి అరిచి రాజుకు దగ్గుతెర ముంచుకొచ్చింది. ఎప్పుడు దగ్గొచ్చినా కలకండ చప్పరించడం ఆయన అలవాటు. "ధవళం తెండి! నోట్లో వేసుకోవాలి!" అన్నాడు. శాసనం చేసినవాడు మరి, పాత పేరు ఎలా పలుకుతాడు?

చెన్నుభట్టు తానే లేచి వెళ్లి, వెండిపళ్లెం నిండా తెల్లని పలుకులు తెచ్చి రాజు ముందు పెట్టాడు. "కొంత వంటశాలలోది, కొంత వైద్యుడి కొట్టులోది ప్రభూ. అంతా ధవళమే."

రాజు ఒక పలుకు తీసుకుని నోటిదాకా తెచ్చి ఆగాడు. వైద్యుడి కొట్టులో ప్రాణం తీసే తెల్ల పాషాణం కూడా ఉంటుందని గుర్తొచ్చింది.

"ముందు నువ్వు తిను," అన్నాడు రాజు.

చెన్నుభట్టు పళ్లెంలోకి ఒక్క క్షణం చూసి, ఒక పలుకు ఏరుకుని కరకర నమిలాడు. రాజు ధైర్యం తెచ్చుకుని చేతిలోది నోట్లో వేసుకోబోయాడు.

"ప్రభూ, నేను తిన్నది అది కాదు."

రాజు చెయ్యి మళ్లీ ఆగిపోయింది. "అయితే ఇదేమిటి?"

"ధవళం."

"నువ్వు తిన్నదో?"

"అదీ ధవళమే."

దగ్గుతో రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "రెండింటికీ తేడా ఏమిటో చెప్పు! లేకపోతే ఆ దొంగతోపాటు నీ తలా తీయిస్తాను!"

"తేడా చెప్పాలంటే పాత పేర్లు పలకాలి, పలికితే నాలుక కోసేస్తారు కదా ప్రభూ. తేడా ఉందని ముందు తమ నోటితోనే సెలవివ్వాలి."

చెన్నుభట్టు చూపు దించలేదు. రాజు గొంతు పట్టుకుని దగ్గి, దగ్గి, చివరికి అరిచాడు. "వేరు! వేరువేరు! శాసనం రద్దు! ఇక పేర్లు చెప్పు!"

"తమ చేతిలోది పటిక. నేను తిన్నది కలకండ. ఆ మూలవి ఉప్పుగల్లులు. పాషాణం నేను తేనే లేదు."

"ఎలా కనిపెట్టావు?"

"ఉప్పుగల్లు ఎంత చిన్నగా పగిలినా నలుచదరపు పెట్టెలాగే పగులుతుంది. పటిక రెండు గోపురాల్ని అడుగులు కలిపి అతికించినట్టు పేరుకుంటుంది. కలకండ అంచులు ఏటవాలుగా ఉంటాయి. దేని సరుకు దానిదే, దేని కట్టుబడి దానిదే. రంగు పైకి కనిపించేది మాత్రమే ప్రభూ. ఇక కొమ్మయ్యను మాట్లాడనివ్వండి."

కొమ్మయ్య నోరు విప్పాడు. "అది మెత్తని రాయి ప్రభూ, వజ్రం కాదు. ఏనుగు నడిచినంతసేపూ సంచిలో వజ్రాలు దాన్ని గీకి అరగదీశాయి."

సంచి బోర్లిస్తే అడుగునుంచి తెల్లని పొడి రాలింది. రాజు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ పొడి ఎవరి పుణ్యమో ఆయనకు అర్థమైంది. కొమ్మయ్య కట్లు విప్పించాడు.

తర్వాత పాషాణం లేని పళ్లెం ముందు తాను పడ్డ పాట్లు తలచుకుని పకపకా నవ్వాడు. మెడలోని తెల్లని హారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు.

చెన్నుభట్టు దాన్ని ఎత్తి పట్టుకుని వినయంగా అడిగాడు. "ప్రభూ, ఇంటికెళ్లాక మా ఆవిడకు ఇవేమిటని చెప్పమంటారు?"

"ముత్యాలయ్యా, ముత్యాలు!" అన్నాడు చండవిక్రముడు, సభ అంతా వినేలా.